కోసే ముందు శుభలేఖ అట్ట పెట్టి చూడండి

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 34 ఏళ్ళు, తార్నాకలో ఉంటాం. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 49 కిలోలు. ఎనిమిది నెలలుగా ఆదివారాలు మామయ్యగారితో గచ్చిబౌలి రేంజ్‌కి వెళ్ళి ట్రాప్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని, అంటే క్లేలని, తుపాకీతో పగలగొట్టే ఆట) నేర్చుకుంటున్నాను. తుపాకీ ఆయనదే: 12 బోర్ ఓవర్-అండర్ (ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు), 30 అంగుళాల బ్యారెల్స్. ఆయన ఆరడుగుల మనిషి. ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) చివరి దాకా 14¾ అంగుళాలు ఉందని ఆయనే కొలిచి చెప్పారు. ఆదివారం సాయంత్రానికి నా కుడి జబ్బ నల్లగా కమిలిపోతోంది. చెంప ఎముక నొప్పి, నడివేలు వాపు అదనం. 25 క్లేల్లో తొమ్మిదో పదో తప్ప పగలడం లేదు. కోచ్‌గారు "ముందుకి వంగమ్మా" అంటూనే ఉంటారు, నేను రెండు నిమిషాల్లో మళ్ళీ వెనక్కి వాలిపోతాను. మా వీధి వడ్రంగి బట్ రెండంగుళాలు కోసేస్తే సరిపోతుందన్నాడు. మామయ్యగారు కూడా "కోయించుకో, పర్లేదు" అన్నారు. ఎంత కోయించమంటారు? లేకపోతే 20 బోర్, అంటే ఇంకా సన్న గొట్టాల తుపాకీ, కొనుక్కోవడమే మంచిదా?

జవాబు: ముందు ఆ వడ్రంగికి ఒక టీ ఇప్పించి మర్యాదగా పంపించెయ్యండి. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. తలుపు రెక్క అడుగున పావంగుళం చిత్రిక పట్టాలంటే ఆయనే కావాలి. కానీ తలుపుకి చెంప, మెడ, భుజం ఉండవు కదా.

నా సంగతి చెప్తాను. నాది సరిగ్గా 5 అడుగులు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటలు ఆగిపోయాక కూడా హైదరాబాద్‌లో చాలా ఇళ్ళల్లో పాత డబుల్ బ్యారెల్స్ లైసెన్సులతో సహా బీరువాల్లో ఉండిపోయాయి. మా నాన్నదీ అలాంటిదే. నేను క్లేలు నేర్చుకుంటానంటే నాన్న దాన్ని ఒక దుకాణానికి తీసుకెళ్ళారు. అక్కడి పెద్దమనిషి టేపు తియ్యలేదు, తుపాకీ నా భుజానికి పెట్టించి చూడలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "పాపకి రెండంగుళాలు తీసేద్దాం సార్" అన్నాడు. తీసేశాడు. ఆ తర్వాత మొదటి గుండుకే నా కుడి బొటనవేలి కణుపు వచ్చి ముక్కుకి తగిలింది. నాన్న జేబురుమాలు ఎర్రబడిపోయింది. తర్వాత నల్లటి స్పేసర్లు మూడు పెట్టించి, స్క్రూలు బిగించి మళ్ళీ పొడుగు చేయించుకున్నాం. చూడ్డానికి పట్టుచీరకి నైలాన్ అతుకు వేసినట్టుండేది.

అందుకే మీరు అడిగిన "ఎంత కోయించాలి" అన్న ప్రశ్న నాకు ఆఖరి ప్రశ్న. మీ ఒంటి మీది మచ్చలే ముందు చాలా సంగతులు చెప్తున్నాయి. జబ్బ కమిలిందంటే స్టాక్, అంటే తుపాకీ వెనక చెక్క భాగం, పొడుగై, బట్ భుజం గుంటలో కూర్చోకుండా బయటికి జారి చేతి మీద ఆగుతోంది. అది పొడుగు సమస్యే, ఒప్పుకుంటాను. కానీ చెంప నొప్పికీ పొడుగుకీ పెద్దగా సంబంధం లేదు. చెంప ఆనే అంచు, అంటే కోంబ్, మీకు పల్లంగా ఉంది. చెంప దాని మీద గట్టిగా ఆనకుండా గాల్లో ఉంటే, గుండు పేలినప్పుడు చెక్క లేచి వచ్చి ఎముకకి తగులుతుంది. నడివేలు వాపేమో పిడి లావు వల్ల. చెయ్యి చాలక పట్టు ముందుకి జారుతోంది, ట్రిగ్గర్ గార్డ్ వెనక భాగం వేలిని కొడుతోంది. రెండంగుళాలు కోస్తే ఈ మూడింట్లో ఒక్కటే తగ్గుతుంది. దాంతోపాటు నాకు జరిగిన ముక్కు సంగతి కొత్తగా మొదలవుతుంది. 14¾లో రెండు పోతే 12¾. మీ ఎత్తు ఆడవాళ్ళకి సాధారణంగా 13¼, 13½ దగ్గర కుదురుతుంది.

కోచ్‌గారు చెప్పేది తప్పు కాదు, మీరు వినకపోవడమూ కాదు. నీళ్ళ బిందె చంకనెత్తుకున్న మనిషి రెండో వైపుకి వంగుతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. మీ ముందు 30 అంగుళాల ఇనుము ఉంది, దాన్ని మొయ్యాల్సిన చెయ్యి స్టాక్ పొడుగు వల్ల ఇంకా ముందుకి చాచి ఉంది. నడుం వెనక్కి వాలకపోతే ఆ బరువు ఎలా నిలుస్తుంది? తుపాకీ కుదిరితే ఆ వాలడం చాలావరకు దానంతటదే పోతుంది.

వీటన్నిటికంటే ముందు కన్ను చూసుకోండి. రెండు చేతులూ చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచే దూరంగా ఉన్న ఫ్యాన్ స్విచ్ని ఆ సందులోంచి చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. స్విచ్ కనబడుతూనే ఉంటే మీ కుడి కన్నే పెత్తనం చేస్తోంది, మంచిదే. మాయమైపోతే ఎడమ కన్ను పెత్తనం చేస్తోందన్నమాట. అప్పుడు స్టాక్ ఎంత బాగా చేయించినా గుళ్ళు ఎడమవైపుకే పోతాయి. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను పెత్తనం చేసేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, నేను చాలామందిని చూశాను. కళ్ళద్దాల ఎడమ గాజు మీద చిన్న చుక్కంత టేపు అంటించి నెట్టుకొచ్చేవాళ్ళు కొందరు, ఏకంగా ఎడమ భుజానికి మారిపోయేవాళ్ళు కొందరు. ఎనిమిది నెలలే అయింది కాబట్టి మారడం మీకింకా కష్టం కాదు. కానీ తేలాల్సింది ఇప్పుడే. ఎందుకంటే స్టాక్‌కి ఉండే పక్కవాటు, అంటే కాస్ట్, కుడివాళ్ళకి ఒకవైపు, ఎడమవాళ్ళకి ఇంకోవైపు ఉంటుంది.

కన్ను తేలాక ఒక ఆదివారం మధ్యాహ్నం మామయ్యగారిని కూర్చోబెట్టుకుని కొలతలు తియ్యండి. తుపాకీని మధ్యలో మడిచి తెరిచి, తూటాలు పెట్టే రెండు గదులూ ఖాళీగా ఉన్నాయని ఇద్దరూ కళ్ళారా చూశాకే. గుళ్ళ డబ్బా వేరే గదిలో ఉండాలి. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి మడత పరిచి, తుపాకీని తలకిందులుగా, రిబ్ (బ్యారెల్ పైన పొడుగునా ఉండే పట్టీ) టేబుల్‌కి ఆనేటట్టు పెట్టండి. ముందు కొసన ఉండే పూస అడ్డం రాకుండా దాన్ని టేబుల్ అంచు బయటికి జరపండి. ఇప్పుడు టేబుల్ నుంచి కోంబ్ ముందు కొస దాకా ఎంత, బట్ పై మూల దాకా ఎంత అని స్కేలుతో కొలవండి. ఇవే డ్రాప్ కొలతలు. మామూలుగా దుకాణం నుంచి వచ్చే తుపాకీకి ముందు ఒకటిన్నర అంగుళం, వెనక రెండుంపావు దగ్గర్లో ఉంటాయి. మీవి ఎంతైనా సరే, తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ముందు ముందు ఏ మార్పు చేసినా వెనక్కి తిరిగి రావడానికి ఆ పేజీ ఒక్కటే ఆధారం.

తర్వాత, ఖాళీ తుపాకీతో, సురక్షితమైన గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప హాయిగా ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. ఏం కనబడింది? నా అంచనా, బ్యారెల్ వెనకుండే ఇనుప దిమ్మ తప్ప మీకేమీ కనబడదు. అందుకే రేంజ్‌లో మీకు తెలియకుండానే తల ఎత్తుతున్నారు. తల లేచిన ప్రతిసారీ గుళ్ళు క్లే నెత్తి మీదుగా పోతాయి. మీ తొమ్మిదీ పదీ కథ చాలావరకు ఇక్కడే ఉంది.

దీనికి మందు కోత కాదు, శుభలేఖలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో వచ్చినవి ఇంట్లో కట్టలుగా పడుంటాయి కదా. మందంగా ఉన్న అట్టల్లోంచి ఐదంగుళాల పొడుగు, ఒక అంగుళం వెడల్పు ముక్కలు కత్తిరించండి. ఒక ముక్క కోంబ్ మీద వంచి పెట్టి, పైన పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు నున్నగా చుట్టండి. చెంపకి టేపు అంచు గీసుకోకూడదు. మళ్ళీ కళ్ళు మూసి ఎత్తండి, తెరవండి. ఇంకా దిమ్మే కనబడుతోందా, ఇంకో ముక్క. ఇలా పెంచుకుంటూ పోతే ఒకచోట రిబ్ సన్నని గీతలా తేలుతుంది. నడిమి పూస మీద ముందు పూస 8 అంకెలాగా కూర్చుంటుంది. అక్కడ ఆగండి. రిబ్ మొత్తం ఔటర్ రింగ్ రోడ్డులా పరుచుకుని కనబడితే ఎక్కువైందని, ఒక ముక్క తీసెయ్యండి. మొదటిసారి నాకు ఏడు ముక్కలు పట్టాయి. సన్నగా ఉండి మెడ కాస్త పొడుగున్న ఆడవాళ్ళకి ఇంతింత పెంచాల్సి రావడం మామూలే. పొట్టిగా ఉన్నాం కాబట్టి తుపాకీ అన్ని వైపులా చిన్నదవ్వాలని అందరూ అనుకుంటారు. ఈ ఒక్క చోట అది పెరగాలి.

అట్టలతో నాలుగు ఆదివారాలు కాల్చి చూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టుతో స్వర్ణం తెచ్చినప్పుడు అందరూ క్లే పగలడమే చూశారు. ఆ స్థాయి వాళ్ళ వీడియో దొరికితే క్లే వదిలేసి ఒక్క చెంపనే చూడండి. గుండు పేలాక కూడా అది చెక్కని వదలదు.

ఇప్పుడు పొడుగు. ఇక్కడా కోతకంటే ముందు ఒక మెట్టుంది. మీ తుపాకీ బట్‌కి రబ్బరు ప్యాడ్ ఉండే ఉంటుంది. అది అంగుళం మందం ఉంటే, దాన్ని విప్పించి అరంగుళం ప్యాడ్ వేయించండి. చెక్క ముట్టుకోకుండానే 14¾ కాస్తా 14¼ అవుతుంది. పలచటి ప్యాడ్‌తో కిక్ కొంచెం ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి 24 గ్రాముల గుళ్ళుండే తూటాలే వాడండి. అంతర్జాతీయ ట్రాప్ పోటీల్లో అనుమతించేదీ అంతే, మీరేమీ పోగొట్టుకోరు. దీంతో జబ్బ నొప్పి కొంత తగ్గిందీ అంటే దారి సరైనదే. అప్పుడు చెక్క అరంగుళం తీయించండి. నెలపాటు కాల్చండి. అవసరమైతే ఇంకో పావు. మీ బ్లౌజు కుట్టే టైలరమ్మ కుట్టు లోపల గుడ్డ వదులుతుంది చూశారా, రేపు విప్పుకోవడానికి? చెక్కకి ఆ సౌకర్యం లేదు. పొడుగు ఖాయమయ్యాక, ఇంకొంచెం చెక్క తీయించి పాత మందం ప్యాడ్ మళ్ళీ పెట్టించుకోవచ్చు. అప్పుడు పొడుగూ కుదురుతుంది, మెత్తదనమూ తిరిగి వస్తుంది.

ఎక్కడ ఆగాలో తెలిసేది ఇలా: భుజానికి ఎత్తి చెంప ఆనించినప్పుడు ముక్కుకీ, బొటనవేలి వెనక కణుపుకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. దీన్ని ఎవరో ఎదురుగా నిలబడి చూడాల్సిన పనిలేదు. ఖాళీ తుపాకీ ఎదుటైనా మనిషి ఉండకూడదు. ఫోన్ స్టాండ్ మీద పెట్టి పక్కనుంచి వీడియో తీసుకోండి. బట్ మోచేతి మడతలో పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి అందితే సరే అనే పాత లెక్క ఒకటి దుకాణాల్లో ఇంకా చెప్తుంటారు. దాన్ని నమ్మకండి. మెడ, చెంప, ఛాతీ దాంట్లో ఎక్కడా లేవు. ఇంకో మాట, కొలతలప్పుడు రేంజ్‌లో వేసుకునే వెస్ట్ వేసుకోండి. ఇంట్లో కాటన్ కుర్తా మీద కుదిరింది, వెస్ట్ భుజం ప్యాడ్ కలిశాక మళ్ళీ పొడుగవుతుంది. చున్నీ ఇంట్లోనే వదిలెయ్యండి.

కోసేటప్పుడు మగవాళ్ళు మనకి చెప్పని సంగతి ఒకటుంది. బట్‌ని ఏ వాలులో కొయ్యాలన్నది. దీన్ని పిచ్ అంటారు. తుపాకీని నేల మీద బట్ ఆనేలా నిలబెట్టి, బ్యారెల్ వెనక దిమ్మ గోడకి తగిలేటట్టు జరిపితే, కొస గోడకి కొంచెం దూరంగా ఉంటుంది. ఆ దూరమే పిచ్. మగవాళ్ళ ఛాతీకి కుదిరిన వాలు మనకి కుదరదు. బట్ కింది మూల వచ్చి ఛాతీలో గుచ్చుకుంటుంది. ఆ నొప్పి తప్పించుకోవడానికే చాలామంది బట్‌ని చేతి మీదకి జరుపుకుంటారు, మీరూ అదే చేస్తుండొచ్చు. కింది మూల కొంచెం ఎక్కువ తీసి, గుండ్రంగా చేసి, కాస్త బయటి వైపుకి తిప్పితే ఈ బాధ పోతుంది. అలాగని మరీ ఎక్కువ వాలిస్తే, పేలినప్పుడు బట్ భుజం మీదుగా పైకి జారి మళ్ళీ చెంపకే వస్తుంది. ఒక డిగ్రీ, అర డిగ్రీ లెక్కలివి. వడ్రంగి వద్దన్నది ఇందుకే. లోదుస్తుల స్ట్రాప్‌కి ఉండే చిన్న బకిల్ కూడా చూసుకోండి. బట్ కింద అది పడిందంటే ఎంత మంచి స్టాక్ అయినా నాణెమంత మచ్చ వేస్తుంది. బకిల్ లేని స్పోర్ట్స్ రకం వేసుకుంటే సరి.

పిడి సంగతి తేలిక. పనివాడు చుట్టూ కొంచెం పలచన చేసి, గీతల చెక్కుడు మళ్ళీ వేస్తాడు. కొన్ని తుపాకుల్లో ట్రిగ్గర్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే ఏర్పాటుంటుంది. మీదాంట్లో ఉందేమో మామయ్యగారిని అడగండి, ఉంటే వెనక్కి లాగి చూడండి.

అట్టలూ ప్యాడ్లూ అయ్యాక ఒకసారి కాగితం మీద పరీక్ష. 16 గజాల దూరంలో పెద్ద తెల్ల కాగితం, మధ్యలో నల్ల చుక్క. గురి చూస్తూ నిలబడకుండా, క్లేకి ఎత్తినట్టే ఎత్తి, చెంప ఆనగానే కాల్చండి. అదే కాగితం మీద ఐదారు సార్లు. గుళ్ళ గుంపు చుక్కకి ఎంత పక్కకి పడిందో చూసి, ప్రతి అంగుళానికీ స్టాక్‌లో అంగుళంలో పదహారో వంతు మార్పు అని పాతకాలం నుంచీ వస్తున్న లెక్క. కింద పడితే కోంబ్ పెంచాలి, మరీ పైన పడితే తగ్గించాలి, ఎడమకి పడితే (మీరు కుడిచేతి వాళ్ళయితే) పక్కవాటు పెంచాలి. ట్రాప్‌లో క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి గుంపు చుక్కకి కాస్త పైన ఉండటమే మంచిది. పొడుగు మారిన ప్రతిసారీ ఈ కాగితం పరీక్ష మళ్ళీ చెయ్యాలి. స్టాక్ పొట్టిదైతే చెంప ముందుకి జరుగుతుంది. అక్కడ కోంబ్ ఎత్తు ఎక్కువ, కన్ను పైకి లేస్తుంది. అప్పుడు ఒకటో రెండో శుభలేఖలు తీసెయ్యాల్సి రావచ్చు.

20 బోర్ గురించి: ఇప్పుడే వద్దు. తేలిగ్గా ఉంటుందని చాలామంది ఆశపడతారు. కానీ అంతే బరువు గుండు తేలిక తుపాకీలోంచి పేలితే కిక్ ఎక్కువ, తక్కువ కాదు. మీ మామయ్యగారి తుపాకీ బరువు మీ భుజాన్ని కాపాడుతోంది. స్టాక్ పొట్టిదయ్యాక ముందువైపు ఇంకా బరువనిపిస్తే, స్టాక్ లోపల బోల్టు కోసం ఉండే రంధ్రంలో సీసం గుళ్ళ చిన్న సంచీ ఒకటి బిగించి తూకం సరిచేస్తారు. బ్యారెల్ కోయిద్దామన్న ఆలోచన మాత్రం ఎవరిచ్చినా వినకండి. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం విడిగా లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చెయ్యడం నేరం. మరమ్మతులకీ లైసెన్సున్న పనివాడే కావాలి. ఇంకో సంగతి, లైసెన్సు మామయ్యగారి పేరున ఉంది. దుకాణానికి ఆయనే వస్తే ఏ తలనొప్పీ ఉండదు. ఆయన రాలేని రోజున తుపాకీ మీరు తీసుకెళ్ళాలంటే, ఆయన సంతకంతో రాతపూర్వక అనుమతి మీ దగ్గర ఉండాలి. "మా కోడలే కదా" అనేది పోలీసు చెక్ దగ్గర పనికిరాదు.

మామయ్యగారు కోయించుకోమన్నారని రాశారు. పెద్ద మనసు. కానీ ఆయన ఇంకా కాలుస్తున్నారా, మానేశారా అన్నది మీరు రాయలేదు. ఇంకా కాలుస్తుంటే, అదే మోడల్‌కి రెండో స్టాక్ దొరుకుతుందేమో డీలర్‌ని అడగండి. విప్పి మార్చుకోవడం పనివాడికి పెద్ద పనేం కాదు. ఆయనది ఆయనకి ఉంటుంది, మీది మీరు కోసుకోవచ్చు. దొరక్కపోతే, ఉన్నదాన్నే కోయించండి. ఆ కోసిన ముక్కని మాత్రం పనివాడి దగ్గర అడిగి తెచ్చుకోండి. అక్రోటు చెక్క నార అదే వరసలో ఉంటుంది కాబట్టి, ఎప్పుడైనా పొడుగు కావాల్సొస్తే దాన్నే స్పేసర్‌గా తిరిగి అతికిస్తారు, అతుకు సన్నని గీతలా తప్ప కనబడదు. నాది ఆ దుకాణం పొట్టులో పోయింది. అందుకే నాన్న తుపాకీకి ఇప్పటికీ నల్లరబ్బరు మూడు వరసలు.